అరంగుళం తక్కువ

వంతెనకు ఏడు ఖానాలు కుదురుగా కూర్చున్నాయి. శౌరయ్య మాష్టారి ఖానా ఒక్కటే మొరాయించింది.

గవర్నరుపేటలో తిరుపతిరావు ఇంటి వరండా పొడుగునా చెక్క స్తంభాలు బారులు తీరి ఉన్నాయి. కృష్ణ మీది రైలు వంతెనకు నమూనా అది. నిజం వంతెనకు ఉన్నన్ని ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, పెడితే వరండా కాదు, వీధి కూడా చాలదు గనక ఎనిమిదితో సరిపెట్టుకున్నారు. మోడల్ క్లబ్బులో సభ్యులు ఎనిమిదిమందే, మనిషికో ఖానా. ఓడలు చేసేవాడు ఓడను పక్కనబెట్టి, విమానాలు చేసేవాడు విమానాన్ని అటకెక్కించి, వేసవి నుంచి సెలవురోజులన్నీ దీనికే ధారపోశారు. స్తంభాల మీద ఆనే దూలం, ఎవరి గర్డరు వాళ్లింట్లో చేసుకొచ్చి డిసెంబరు మొదటి ఆదివారం ఇక్కడ పేర్చాలని అనుకున్నారు. క్రిస్మసు ముందు మొదలయ్యే ఎగ్జిబిషన్లో వాళ్ల క్లబ్బుకు మొట్టమొదటిసారి ఒక స్టాలు దొరికింది మరి.

శౌరయ్య గుణదల నుంచి రిక్షాలో వచ్చాడు. గర్డరును భార్య తెరేసమ్మ పాత చీరలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రిక్షావాణ్ణి బతిమాలుకుంటూ తెచ్చాడు. పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరించి చేసిన గర్డరు అది. ప్రతి అట్టముక్కనూ వెనకవైపు నుంచి మొద్దుసూదితో నొక్కి, ముందువైపు రివెట్లు తేల్చాడు. వేలితో తడిమితే సన్నగా గరుకు తగులుతుంది, కంటికి మాత్రం అచ్చం ఇనుమే. చీర విప్పగానే చుట్టూ ఉన్నవాళ్లు "అబ్బ!" అన్నారు. ఆ "అబ్బ" పూర్తయ్యేలోపే గర్డరు ఒక కొస స్తంభం మీద ఆనింది, రెండో కొస ఎదుటి స్తంభం అంచు అందక కిందికి జారింది. అబ్రహాము చప్పున చెయ్యి అడ్డం పెట్టాడు కాబట్టి నేల మీద పడలేదు.

తిరుపతిరావు బ్యాంకులో ఆఫీసరు, క్లబ్బుకు కార్యదర్శి. చేతిసంచిలోంచి స్టీలు స్కేలు తీసి, గర్డరు పక్కన ఆనించి, గోటితో గుర్తు పెట్టుకుంటూ జరిపి జరిపి కొలిచాడు.

"అరంగుళం తక్కువుందండీ, మాష్టారూ."

"ముప్పై అంగుళాలకే కోశానండీ. డ్రాయింగు గీసిందే నేను, నాకు తెలీదా?"

"డ్రాయింగు బంగారమండీ. కోతలోనే కాస్త..." అంటూ ఆగిపోయి, తిరుపతిరావు శౌరయ్య కళ్లద్దాల వంక చూశాడు. చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

ఆ చూపు తగలాల్సిన చోటే తగిలింది. వేసవిలో శుక్లం తీయించుకున్నాక వచ్చిన సోడాబుడ్డి అద్దాలవి. వాటిలోంచి చూస్తే ఇడ్లీ కూడా అట్టంత కనిపిస్తోందని, హోటలువాడు నష్టపోతున్నాడని, క్లబ్బులో అందరినీ నవ్వించింది శౌరయ్యే. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

"అన్నీ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తాయి కదండీ. అందుకని కాస్త ముందే కోసేసుంటారు," అన్నాడు అబ్రహాము మెల్లగా. కరెంటాఫీసులో పనిచేసే అబ్రహాముకు క్లబ్బులో అందరికంటే వయసు తక్కువ, శౌరయ్య అంటే అందరికంటే ప్రేమ ఎక్కువ. కారణమంటూ ఒకటి దొరికినందుకు అందరి మొహాలూ తేటపడ్డాయి. మిగతా ఏడుగురి చేతుల్లోనూ ఒకే రకం స్టీలు స్కేళ్లున్నాయి. క్లబ్బంతా ఒకే కొలత మీద నడవాలని, ఆటోనగర్లో ఫౌండ్రీ నడిపే వెంకటప్పయ్య తన కార్ఖానా నుంచి తెచ్చి పంచినవి. అవి పంచిననాడు శౌరయ్య కంటికి కట్టుతో మంచం మీదున్నాడు. "మాష్టారికి స్కేలెందుకయ్యా, ఆయన చెయ్యే స్కేలు" అన్నాడట వెంకటప్పయ్య. ఆ మాట చెవిన పడ్డప్పుడు శౌరయ్య ఎంత పొంగిపోయాడో!

ఆ వెంకటప్పయ్యే ఇప్పుడు భుజం మీద చెయ్యేసి, "పోన్లెండి మాష్టారూ, అరంగుళానికి అంత దిగులెందుకు?" అన్నాడు.

ఎనిమిదో ఖానా మళ్లీ చేసే పని అబ్రహాముకు అప్పగించారు. శౌరయ్యకు రెల్లు అప్పగించారు. కొబ్బరిపీచు తుంపి, పచ్చరంగు అద్ది, ఏటిగట్టు మీద గుచ్చాలి. "గట్టున రెల్లు లేకపోతే వంతెనకి అందమే రాదండీ," అన్నాడు తిరుపతిరావు. మంచి మనసుతోనే అన్నాడు. అదే శౌరయ్యకు మింగుడు పడలేదు. తిట్టి ఉంటే ఎదురు తిట్టొచ్చు. జాలికి ఏం జవాబు చెప్తాడు?

గర్డరును మళ్లీ చీరలో చుట్టుకుని రిక్షా ఎక్కాడు. ఈసారి గతుకుల్లో బతిమాలలేదు.

ఇంట్లో తెరేసమ్మ, బాలయేసు బొమ్మ పెట్టే చిన్న పశువులపాకకు వరిగడ్డి కప్పు వేస్తోంది. క్రిస్మసుకు ఇంకా వారాలున్నా ఆవిడ పాక మాత్రం ముందే లేస్తుంది. గుణదల కొండకు వచ్చే చుట్టాలంతా ఆ పాక చూసి మెచ్చుకుని వెళ్లాలి, లేకపోతే ఆవిడకు పండగ కాదు. మొగుడి మొహం చూసింది, చేతిలో మూట చూసింది, ఏమైందని అడగలేదు. కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. కాఫీ చల్లారేటప్పటికి సంగతంతా ఆయనే చెప్పేశాడు.

"అరంగుళమేగా! ఆ స్తంభాన్నే కాస్త ఇటు జరపమనలేకపోయారా?"

"వంతెనంటే నీ వంటింటి పీట అనుకున్నావుటే, జరపడానికి?"

"జరిగితే పీటేమిటి, వంతెనేమిటి?" అని ఆవిడ మళ్లీ గడ్డి సర్దుకుంది.

ఆవిడ పెరట్లోకి వెళ్లాక శౌరయ్య బల్ల ముందు కూర్చుని తన పాత స్కేలు తీశాడు. బళ్లో డ్రాయింగు మాష్టారుగా చేరిన కొత్తలో కొనుక్కున్న స్కేలు అది. అంచులు నున్నబడి, చేతి చెమటకు రంగు తిరిగింది. గర్డరుకు ఆనించి కొలిచాడు. ముప్పై అంగుళాలు. అటునుంచి కొలిచాడు. ముప్పై. అద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని కొలిచాడు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

అప్పుడు నిజంగా భయం వేసింది. అరంగుళం తక్కువని ఏడుగురు చూసిన వస్తువు తనకొక్కడికే సరిగ్గా కనిపిస్తోంది. కోసిందీ ఈ కళ్లే, కొలుస్తున్నదీ ఈ కళ్లే; దొంగే సాక్షి చెప్తున్నట్టుంది వ్యవహారం. స్కేలునే అనుమానించొచ్చు కదా అంటారేమో. ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చిన మరుక్షణమే ఆయనకే సిగ్గేసింది. గీత వంకర పోయినప్పుడు పెన్సిలు బాగాలేదనే పిల్లల్ని ఏళ్ల తరబడి "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!" అని వెక్కిరించినవాడు, ఇవాళ తనే ఆ మాట ఎలా అంటాడు? ఏడుగురి స్కేళ్లు తప్పు, నా ఒక్కడిదే ఒప్పు అంటే లోకం నవ్వదూ? పోనీ తెరేసమ్మను చూడమందామా అంటే, ఆవిడకు గీతలు లెక్కపెట్టే ఓపిక లేదు, మొగుణ్ణి ఓదార్చే ఓపిక మాత్రం బోలెడుంది. ఎంతున్నా సరిగ్గానే ఉందంటుంది. అందుకని అడగలేదు.

మర్నాడు సాయంత్రం ఇంకో సంగతి కనిపెట్టాడు. తెరేసమ్మ మరియమ్మ బొమ్మకు నీలం పట్టుగుడ్డ కుడుతోంది. ఎప్పుడూ సూదీ దారం పట్టుకొచ్చి ఆయన ముక్కు ముందు పెట్టి, "ఎక్కించండి" అనేది. ఇవాళ చప్పుడు కాకుండా పక్కింటి అమలమ్మ దగ్గరకు వెళ్లి ఎక్కించుకొచ్చింది. ఆయన చూడలేదనుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చుంది. ఆయన చూశాడు. ఆ సూది ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

బిస్కెట్ల డబ్బా తీసి అందులో సామాను సర్దాడు. సన్నరంపం, పొట్టి కత్తి, పట్టుకారు, రివెట్లు నొక్కే మొద్దుసూది, పాత స్కేలు. మూత పెట్టి, మాచవరంలో అబ్రహాము ఇంటికి నడిచి వెళ్లి గుమ్మంలోనే అందించాడు.

"ఇదేంటండీ మాష్టారూ?"

"నీ దగ్గరుంచు. ఎనిమిదో ఖానాకి పనికొస్తాయి."

"పనయ్యాక తెచ్చిస్తానండీ."

"అక్కర్లేదోయ్. నాకింక ఎందుకవి?"

అబ్రహాము డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. లోపలికి రమ్మని బతిమాలినా శౌరయ్య వెళ్లలేదు. వెనక్కి నడుస్తుంటే చేతులు రెండూ ఊరికే ఊగుతున్నాయి. వాటిని ఏం చేసుకోవాలో తోచక జేబుల్లో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి గర్డరు పశువులపాక దగ్గర ఉంది. పాక ముందు ఏరులాగా పగిలిన అద్దం పరిచి, అద్దం చుట్టూ ఇసుక పోసి, అడ్డంగా ఆ గర్డరు పెట్టేసింది తెరేసమ్మ. దాని మీద మట్టి ఒంటెలు మూడు, వాటి వెనకాల ముగ్గురు రాజులు, బాలయేసు వైపు నడుస్తున్నారు.

"బెత్లెహేములో రైలు వంతెనేమిటే నీ మొహం!"

"ఒంటెలకి ఈత రాదుగా! కానుకలు తెస్తున్నారు, పాపం, తడిసిపోవూ?" అంది ఆవిడ, రెండో ఒంటెను సరిగ్గా నిలబెడుతూ. "మీ క్లబ్బుకి అక్కర్లేకపోతే పాయె. నా రాజులకి కావాలి."

శౌరయ్యకు నవ్వొచ్చింది. కంట్లో నలుసు పడిందని చెప్పి పెరట్లోకి వెళ్లాడు.

ఎగ్జిబిషను రేపనగా వంతెనను మైదానానికి తరలించారు. శౌరయ్యకు వెళ్లాలని లేదు. రెల్లు అప్పగించారు గనక, అప్పగించిన పని ఎగ్గొట్టడం ఒంటికి పడదు గనక, కొబ్బరిపీచు సంచీతో వెళ్లాడు. స్టాల్లో వడ్రంగి జక్కయ్య చేసిన బల్లలు వరుసగా కలిపి పరిచి ఉన్నాయి. ఇరవై రెండడుగుల పొడుగు: ఇటు గట్టుకో అడుగు, అటు గట్టుకో అడుగు, మధ్యలో వంతెన. కొలత తిరుపతిరావు చెప్పిందే.

ఇటునుంచి పేర్చుకుంటూ వెళ్లారు. గట్టు, స్తంభం, గర్డరు, స్తంభం, గర్డరు. శౌరయ్య ఇవతలి గట్టు దగ్గర బోర్లా వంగి రెల్లు గుచ్చుతున్నాడు. ఎనిమిదో ఖానా దగ్గర అందరూ ఆగారు. అబ్రహాము చేసిన ఖానా అది, స్తంభాల మీద చక్కగా కూర్చుంది. కానీ దాని తర్వాత అవతలి గట్టు పెట్టేసరికి, గట్టు బల్ల దాటి బెత్తెడు మేర గాల్లోకి వచ్చేసింది.

తిరుపతిరావుకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దుటినుంచి తిండి లేదు, రేపు కలెక్టరుగారొచ్చి రిబ్బను కోస్తారు. స్టీలు స్కేలు తీసి బల్లలు కొలిచాడు. "చూడు జక్కయ్యా, నాలుగంగుళాలు తక్కువ! ఇరవై రెండు అని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"ఇరవై రెండే కోశానండీ బాబూ. నా మడతబద్దతో రెండుసార్లు చూసుకున్నా."

"ఏం బద్దయ్యా అది? అరిగిపోయుంటుంది. నాలుగంగుళాలు ఎలుకలు తినేశాయా మరి?"

జక్కయ్య మడతబద్ద మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలపాగా తీసి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. చుట్టుకుంటూ తను చేసిన బల్ల వంక చూశాడు.

శౌరయ్య ఆ చూపు గుర్తుపట్టాడు. ఆ ఆదివారం నాడు తిరుపతిరావు వరండాలో తన గర్డరు వంక తనూ అలాగే చూశాడు. రెల్లు గుచ్చడం ఆపి, జిగురంటిన వేళ్లతో లేచి నిలబడ్డాడు. జక్కయ్యకు సోడాబుడ్డి అద్దాల్లేవు. వీధి చివరి సినిమా పోస్టరు మీద చిన్నక్షరాలు చదివే డేగకళ్లు అతనివి. ఆ కళ్లూ తప్పాయి, ఈ కళ్లూ తప్పాయి. తనది అరంగుళం తక్కువ, ఒక్క ఖానాకు. ఇక్కడ నాలుగంగుళాలు తక్కువ, ఎనిమిది ఖానాలకు. ఖానాకు అరంగుళం చొప్పున ఎనిమిది...

వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. సరిగ్గా నాలుగు.

"తిరుపతిరావుగారూ, ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "అబ్రహామూ, నేనిచ్చిన డబ్బా తెచ్చావా?"

"ఇక్కడే ఉందండీ."

"అందులో నా పాత స్కేలు తియ్యి. తిరుపతిరావుగారి స్కేలు పక్కన పెట్టు. ఇటు కొసలు రెండూ కలుపు. కలిశాయా? ఇప్పుడు అటు కొస చూసి చెప్పు. నేను చూడను. నా కళ్ల మీద నాకూ నమ్మకం లేదు. మీరంతా చూసి చెప్పండి."

చెప్పి, నిజంగానే అటు తిరిగి నిలబడ్డాడు. కొబ్బరిపీచు ఒకటి చేతిలో నలుగుతోంది. వెనకాల స్కేళ్లు బల్ల మీద జరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ కాసేపూ ఆయన మనసులో ఎన్ని జపాలు చెప్పుకున్నాడో ఆయనకూ మరియమ్మకూ మాత్రమే తెలుసు.

"మాష్టారూ," అన్నాడు అబ్రహాము. "మొదట్లో కలిసే ఉన్నాయండీ. పోనుపోను విడిపోతున్నాయి. పన్నెండో అంగుళం దగ్గర మూడు సన్నగీతల తేడా ఉందండీ. మా స్కేలు మీద అంగుళమే పెద్దది!"

జక్కయ్య ఒక్క అంగలో వచ్చి తన మడతబద్ద విప్పి పక్కన పెట్టాడు. అది శౌరయ్య స్కేలుతో గీతకు గీత కలిసింది. మిగతావాళ్లు సంచుల్లోంచి తమ తమ స్టీలు స్కేళ్లు తీసి పెట్టారు. అవన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి, ఈ రెండింటితో కలవలేదు. ఇన్ని నెలలూ ఏడుగురూ ఎంత శ్రద్ధగా, ఎంత ఒద్దికగా తప్పు కొలిచారో, చూస్తే ముచ్చటేస్తుంది.

సరిగ్గా అప్పుడే వెంకటప్పయ్య టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. బల్ల మీద పరిచిన స్కేళ్లు చూశాడు. అందరి మొహాలూ చూశాడు. ఒక స్కేలు తీసి వెనక్కి తిప్పి, మూల చెక్కి ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. ఫ్లాస్కు కింద పెట్టి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఓరి నా బుద్ధి మండా! ఇవి పోత స్కేళ్లండీ."

"అంటే?" అన్నాడు తిరుపతిరావు.

"కరిగించిన లోహం అచ్చులో పోస్తామా, చల్లారాక అది కాస్త ముడుచుకుపోతుందండీ. అందుకని అచ్చుకి పెట్టే చెక్కబొమ్మని ముందే కాస్త పెద్దగా చేసుకోవాలి. ప్రతిసారీ లెక్క కట్టుకోలేక స్కేలు మీదే అంగుళాన్ని పెంచి గీస్తారు. మా బొమ్మల గదిలో ఉండేవన్నీ ఇవే. ఇరవయ్యేళ్లుగా రోజూ ఇవే చూసి చూసి, బయటి అంగుళం వేరే ఉంటుందన్న ధ్యాసే లేకుండా పోయిందండీ నాకు. మంచి స్టీలు కదా అని మీకు తెచ్చిచ్చా."

"అయితే మాష్టారి గర్డరు..." అన్నాడు అబ్రహాము.

"మాష్టారిదొక్కటే ముప్పై అంగుళాలు," అన్నాడు తిరుపతిరావు నెమ్మదిగా. "మనవన్నీ ముప్పైన్నర."

శౌరయ్య అద్దాలు తీశాడు. తుడుచుకుందామని తీశాడు గానీ, తుడవాల్సింది అద్దాలు కాదని తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. అంతమందిలో సిగ్గేమీ అనిపించలేదు. ఆ ఆదివారం నుంచి గుండె మీద కూర్చున్న బండ దానంతట అదే లేచి వెళ్లిపోయినట్టుంది. నావి కళ్లే! నాది చెయ్యే! ఈసారి నిజంగా మద్దెలే ఓడు!

తిరుపతిరావు వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. జిగురు అంటుకుంటుందన్నా వదల్లేదు. "క్షమించండి మాష్టారూ. మీ చేత రెల్లు గుచ్చించాను."

"రెల్లు బాగానే వచ్చిందండీ. చూడండి ఒకసారి," అన్నాడు శౌరయ్య ముక్కు ఎగబీల్చి. "క్షమించమని అడగాల్సింది నన్ను కాదు, ముందు జక్కయ్యని."

"నాదే తప్పయ్యా జక్కయ్యా."

"దాందేముంది లెండి బాబూ. బద్ద అరిగిపోయిందన్నారు కదా, కొత్తది కొనిపెడతారేమోనని ఆశపడ్డా," అన్నాడు జక్కయ్య. అప్పుడు అందరూ నవ్వారు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా వెంకటప్పయ్య నవ్వాడు.

ఏడు ఖానాలూ మళ్లీ చేసే వ్యవధి లేదు. జక్కయ్య ఒక పలక కోసుకొచ్చి బల్ల చివర అతికించాడు, వంతెన కుదురుగా కూర్చుంది. బోర్డు మీద నమూనా కొలతలు ఏ అంగుళాల్లో రాయాలన్న ధర్మసందేహం వచ్చింది. "అంగుళాలు వెంకటప్పయ్యగారివి అని రాసెయ్యండి," అన్నాడు శౌరయ్య. నిజంగానే అలా రాశారు. తర్వాత చాలా ఏళ్లదాకా క్లబ్బులో ఎవరైనా గొప్పలు పోతే, "మామూలు అంగుళాల్లో చెప్పవోయ్" అనడం అలవాటైపోయింది.

సాయంత్రం తిరుపతిరావు, అబ్రహాము శౌరయ్యను రిక్షాలో కూర్చోబెట్టుకుని గుణదల వచ్చారు. ఆ గర్డరును వంతెన ముందు విడిగా ఒక పీట మీద, మాష్టారి పేరుతో పెట్టాలని వాళ్ల కోరిక. తెరేసమ్మ సంగతంతా విన్నది. విన్నంతసేపూ ఒక్కసారి కూడా మొగుడి వంక చూడలేదు. చూస్తే ఏడుస్తానని ఆవిడకు తెలుసు. విన్నాక కొంగుతో మొహం తుడుచుకుని, పాక ముందు అడ్డంగా నిలబడింది.

"గర్డరు ఇవ్వనండీ. రాజులింకా మధ్యలోనే ఉన్నారు."

"అమ్మా, రేపు ప్రారంభోత్సవమండీ..."

"అయితే? మొన్న వద్దని పంపేశారు, నా రాజులు ఎక్కారు. ఇప్పుడు కావాలంటే వాళ్లని ఏట్లో తోసెయ్యమంటారా? ఎగ్జిబిషను జనవరి ఆఖరుదాకా ఉంటుందిగా. ఆరో తేదీన రాజుల పండగ, వీళ్లు పాక చేరేది అప్పుడే. అది అయ్యాక రండి, నేనే చీరలో చుట్టిస్తా."

తిరుపతిరావు ఆవిడ మొహం చూసి చేతులు జోడించాడు. బ్యాంకులో ఎంతటివాడికైనా నియమాలు చెప్పగలడు గానీ తెరేసమ్మకు చెప్పలేకపోయాడు. అబ్రహాము వెళ్తూ వెళ్తూ బిస్కెట్ల డబ్బాను బల్ల మీద పెట్టాడు. పెట్టినట్టు ఎవరికీ చెప్పలేదు. శౌరయ్య దాని మూత తీసి, పాత స్కేలు పైకి తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ దాని చోట దాన్ని పెట్టుకున్నాడు.

వాళ్లు వెళ్లాక తెరేసమ్మ నీలం పట్టుగుడ్డ ముందేసుకుంది. కాసేపు వెతికి సూదీ దారం తీసింది. లేచి వచ్చి ఆయన ముక్కు ముందు పెట్టింది.

"ఎక్కించండి."

శౌరయ్య దీపం వైపు తిరిగి, దారం కొస నోట్లో తడిపి, సన్నగా చేసి పెట్టాడు. తప్పింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ తప్పింది. తెరేసమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. మూడోసారికి దూరింది.

"సూది బాగాలేదే," అన్నాడు అందిస్తూ.

"అవునండీ," అంది తెరేసమ్మ. "సూదిదే తప్పు."